క్షమించే దేవుని ముందు నిలబడటం



ఎవరి జ్ఞాపకార్థం మనం కూడుకున్నామో ఆ అయ్యగారు ఏటా భస్మ బుధవారం మొదలుకొని ఈస్టరు దాకా పశ్చాత్తాప కీర్తనల మీదే వాక్యం చెప్పేవారు. అవి ఏడు: 6, 32, 38, 51, 102, 130, 143. ఆరో శతాబ్దంలో కాసియొడోరస్ తన కీర్తనల వ్యాఖ్యానంలో ఈ ఏడింటినీ ఒక గుంపుగా పేర్కొన్నాడు. పడమటి సంఘం పాపాలు ఒప్పుకొనే సమయాల్లో వాటిని నేటికీ చదువుతోంది.

అయ్యగారి పేరిట జరిగే ఈ ఉపన్యాసానికి నేను 130వ కీర్తన తీసుకున్నాను. అందులోనూ నాలుగో వచనం చెప్పే సంగతి ఒక్కటే. దేవుని దగ్గర క్షమాపణ ఉంది గనుక మనుషులు ఆయనకు భయపడతారని ఆ వచనం అంటుంది. చిన్నప్పటినుంచీ విన్న మాట కాబట్టి ఇందులో వింత ఏమీ ఉన్నట్టు మనకు తోచదు. ఒక్క నిమిషం ఆగితే తెలుస్తుంది. దండించేవాడికి భయపడటం లోకంలో అందరూ ఎరిగిందే. క్షమించేవాడికి భయపడటమేమిటి? క్షమాపణ దొరికాక భయం పోవాలి కదా? కీర్తనకారుడు మాత్రం క్షమాపణ ఉంది, అందుకే భయం ఉందంటున్నాడు. ఈ వరుసను మనం పోగొట్టుకున్నాం. కొందరం భయాన్ని ముందు పెట్టి క్షమాపణను దూరం చేశాం. మరికొందరం క్షమాపణను చేతిలో పట్టుకుని భయాన్ని వదిలేశాం. రెండుచోట్లా నష్టం జరిగింది.

ఈ కీర్తన మొత్తం ఎనిమిదే వచనాలు. 120 నుంచి 134 వరకు ఉన్న యాత్ర కీర్తనల్లో ఇదొకటి. అగాధంలో ఉన్న మనిషి పైకి కేక వేయడంతో మొదలవుతుంది. ఏ పాపం చేశాడో చెప్పడు. ఎవరి వల్ల చేశాడో చెప్పడు. దేవుడు గనుక దోషాలు లెక్కపెట్టడం మొదలుపెడితే నిలబడగలిగేవాడు ఎవడని అడుగుతాడు. ఆ ప్రశ్నకు జవాబుగా రావలసింది శిక్ష. వచ్చింది క్షమాపణ. క్షమాపణ మాట చెప్పగానే అతను లేచి ఇంటికి పోడు, ఎదురుచూస్తాడు. తెల్లవారడం కోసం కావలివాళ్లు ఎంతగా కాచుకుంటారో అంతకంటే ఎక్కువగా ప్రభువు కోసం కాచుకుంటానంటాడు. చివరి రెండు వచనాల్లో తన సంగతి మరిచిపోయి ఇశ్రాయేలు అంతటినీ పిలుస్తాడు.

నాకు ఈ కీర్తనలో అన్నిటికంటే విలువైనది ఆ ఎదురుచూపు. క్షమాపణ దేవుని దగ్గర ఉందని తెలిసినవాడు దాన్ని లాక్కోవడానికి చెయ్యి చాపడు. అది ఇచ్చేవాడి చేతిలో ఉందని ఎరిగి, ఇచ్చేదాకా వాకిట్లో నిలబడతాడు. భక్తి అనేది ఆ నిలబడటంలో ఉంది.

జాన్ ఓవెన్ అనే ఇంగ్లండు ప్యూరిటన్ దైవశాస్త్రవేత్త 1668లో ఈ కీర్తన మీద పెద్ద పుస్తకం అచ్చు వేయించాడు. అందులో ఎక్కువ భాగం ఈ ఒక్క నాలుగో వచనం మీదే. లూథరు ఈ కీర్తనను 32, 51, 143 కీర్తనలతో కలిపి పౌలు కీర్తనలని పిలిచాడు. కృపచేత నీతిమంతులుగా తీర్చబడటమనే పౌలు బోధ వాటిలో ముందే ఉందని ఆయన భావం. ఈ కీర్తన ఆధారంగా 1523-24 ప్రాంతంలో జర్మను భాషలో ఒక పాట కట్టి సంఘం చేతికి ఇచ్చాడు కూడా. జాన్ వెస్లీ సంగతి మీలో చాలామందికి తెలుసు. 1738 మే 24 రాత్రి లండన్‌లోని ఆల్డర్స్‌గేట్ వీధి కూటంలో లూథరు రోమా పత్రికకు రాసిన ముందుమాట ఎవరో చదువుతుండగా ఆయన హృదయం మారింది. ఆ మధ్యాహ్నమే ఆయన సెయింట్ పాల్ కెథడ్రల్‌లో ఆరాధనకు వెళ్లాడు. అక్కడ గాయకులు ఆ రోజు పాడింది ఈ 130వ కీర్తననే. మన ప్రసంగాల్లో రాత్రి కూటం కథ చెబుతాం, మధ్యాహ్నపు కీర్తన వదిలేస్తాం. ఆ రెండింటినీ కలిపి చెప్పాలని నేను అనుకుంటాను.

క్షమాపణ నుంచి భయం ఎలా పుడుతుందో సువార్తలు మనుషుల్లో చూపిస్తాయి. గెన్నేసరెతు సరస్సు ఒడ్డున జరిగింది చూడండి. రాత్రంతా శ్రమపడినా పేతురుకు ఒక్క చేప దొరకలేదు. యేసు మాట మీద వల వేస్తే దోనెలు మునిగేంత చేపలు పడ్డాయి. అప్పుడు అతను యేసు మోకాళ్ల ముందు పడి, తాను పాపిననీ తన్ను విడిచి వెళ్లమనీ వేడుకున్నాడు. యేసు అతన్ని గద్దించలేదు, అతని పాపం ఊసు ఎత్తలేదు, బెదిరించలేదు. చేసిందల్లా మేలు. భయం ఆ మేలు చూసి వచ్చింది. ఆదాము భయం వేరు. అతను దేవుని స్వరం విని చెట్ల చాటుకు పోయాడు. శిక్షకు భయపడినవాడు దూరంగా పరుగెత్తుతాడు. పేతురు వెళ్లిపొమ్మని నోటితో అంటూనే యేసు మోకాళ్ల దగ్గరే ఉన్నాడు. దాక్కునే భయానికీ దగ్గరికి చేర్చే భయానికీ మధ్య ఉన్న తేడా ఇదే. సంఘం బోధించవలసింది రెండోదాన్ని.

ఇప్పుడు పాత నిబంధనలోని ఇద్దరు రాజుల దగ్గరికి వస్తాను. సౌలు, దావీదు. ఇద్దరూ పాపం చేశారు. ఇద్దరి దగ్గరికీ ప్రవక్త వచ్చాడు. తాను పాపం చేశానన్న మాట ఇద్దరి నోటా వచ్చింది. ఒకరిది నిలిచింది, ఒకరిది నిలవలేదు. మొదటి సమూయేలు 15వ అధ్యాయం నెమ్మదిగా చదివితే కారణం కనిపిస్తుంది. అమాలేకీయుల మంచి పశువులను ఎందుకు మిగిల్చావని సమూయేలు అడిగితే, సౌలు మొదట తాను ఆజ్ఞ నెరవేర్చానన్నాడు. తర్వాత అవి బలి కోసమన్నాడు. ఆ తర్వాత జనం చేశారన్నాడు. ఇక దారి లేక తప్పు ఒప్పుకున్నాడు. ఒప్పుకున్న వెంటనే ఏమడిగాడు? పెద్దల ఎదుట, ఇశ్రాయేలీయుల ఎదుట తన పరువు నిలబెట్టమని సమూయేలును బతిమాలాడు. దేవుని ముందు నిలబడి ఉన్నాడు, కళ్లు మాత్రం జనం వైపు ఉన్నాయి.

దావీదు చేసినది సౌలు చేసినదానికంటే చిన్నది కాదు. బత్షెబను చెరిచాడు, ఊరియాను యుద్ధంలో చంపించాడు, నెలల తరబడి కప్పిపుచ్చాడు. నాతాను ఒక పేదవాడి ఏకైక గొర్రెపిల్ల కథ చెప్పి, ఆ మనిషివి నీవేనన్నప్పుడు దావీదు నోట ఒక్క చిన్న వాక్యం వచ్చింది. దాని పక్కన సాకు లేదు. సైన్యం సంగతి లేదు, స్త్రీ సంగతి లేదు, సింహాసనం సంగతి లేదు. దేవుడు క్షమించాడని నాతాను వెంటనే చెప్పాడు, వెంటనే పర్యవసానమూ చెప్పాడు. దావీదు ఎదురు చెప్పలేదు. దేవుడు తన పాపం గురించి ఇచ్చిన తీర్పు సరైనదని ఒప్పుకుని, ఆ తీర్పును తగ్గించమని బేరమాడకుండా ఉండటం, క్షమాపణ అడిగేవాడి భయభక్తులంటే ఇదేనని నేను నమ్ముతున్నాను.

51వ కీర్తన దగ్గర చాలామందికి ఒక అభ్యంతరం ఉంటుంది. ఆ అభ్యంతరం న్యాయమైనదే. దావీదు తన పాపం కేవలం దేవునికే విరోధమైనట్టు అక్కడ మాట్లాడతాడు. మరి చచ్చిపోయిన ఊరియా ఎక్కడికి పోయాడు? ఇంట్లో భార్యను కొట్టి వచ్చి గుడిలో దేవునితో మాత్రం సర్దుకునే మగవాళ్లకు ఈ మాట ఒక అడ్డుగోడగా పనికొస్తోందని నాకు తెలుసు. ఆ వాడకం వాక్యానికి ద్రోహం. నాతాను కథ దేవుని గురించి మొదలవలేదు, గొర్రెపిల్లను పోగొట్టుకున్న పేదవాడితో మొదలైంది. ఊరియాకు జరిగిన అన్యాయం దేవుడు తనకు జరిగినట్టు తీసుకున్నాడు. చనిపోయినవాడి తరఫున దావీదును నిలదీసే మనిషి యెరూషలేములో ఒక్కడూ లేడు, దేవుడొక్కడే నిలదీశాడు. దేవునికి భయపడటమంటే మనం నొప్పించిన మనిషి వెనక దేవుడు నిలబడి ఉన్నాడని ఎరగడం కూడా.

ఈ సంగతి చరిత్రలో ఒకచోట చాలా స్పష్టంగా కనిపిస్తుంది. 390వ సంవత్సరం. రోమా చక్రవర్తి థియొడోసియస్ మిలాను నగరంలో ఉన్నాడు. గ్రీకు ప్రాంతంలోని థెస్సలొనీకలో ప్రజలకు ఇష్టమైన ఒక రథసారథిని సైన్యాధిపతి బుథెరిక్ చెరలో వేస్తే, జనం తిరగబడి బుథెరిక్‌ను చంపారు. చక్రవర్తి కోపంతో నగరం మీద ప్రతీకారానికి ఆజ్ఞ ఇచ్చాడు. సైనికులు విచారణ లేకుండా జనాన్ని నరికారు. ఏడువేలమంది చనిపోయారని తర్వాతి చరిత్రకారుడు థియొడొరెట్ రాశాడు. పౌలు పత్రికలు రాసిన థెస్సలొనీక సంఘం ఉన్న ఊరు అది.

మిలాను బిషప్పు అంబ్రోసు ఈ వార్త విని, చక్రవర్తి నగరానికి తిరిగి వచ్చేవేళకు అనారోగ్యం పేరు చెప్పి బయటికి వెళ్లిపోయాడు. అక్కడినుంచి ఒక ఉత్తరం రాశాడు. తన చేత్తోనే రాశాడు, చక్రవర్తి ఒక్కడే చదవాలని. ఆ ఉత్తరం నేటికీ ఉంది. అందులో దావీదును గుర్తు చేశాడు. దావీదులా పాపం చేసినవాడు దావీదులా పశ్చాత్తాపపడటానికి సిగ్గుపడకూడదన్నాడు. చక్రవర్తి హాజరైతే తాను ప్రభురాత్రి భోజనపు ఆరాధన జరపలేనన్నాడు. గుడి గుమ్మంలో చక్రవర్తిని చెయ్యి అడ్డుపెట్టి ఆపినట్టు చిత్రకారులు గీసిన దృశ్యం థియొడొరెట్ కథనం నుంచి వచ్చింది, అంబ్రోసు ఉత్తరంలో అది లేదు. నాకు గుమ్మం దృశ్యం కంటే ఉత్తరమే గొప్పగా కనిపిస్తుంది. అవమానించకుండా, భయపడకుండా, దాచకుండా రాసిన ఉత్తరం అది.

థియొడోసియస్ లోబడ్డాడు. రాజచిహ్నాలు తీసి పక్కన పెట్టి, పశ్చాత్తప్తుల మధ్య చేరి, గుడిలో అందరి ఎదుట ఏడ్చాడు. ఆ ఏడాది క్రిస్మసు నాటికి అతన్ని తిరిగి బల్లకు చేర్చుకున్నారు. అగస్టీను ఈ సంగతి రాస్తూ, చక్రవర్తి కోపానికి జనం ఎంత భయపడ్డారో అంతకంటే ఎక్కువగా నేలబడిన అతన్ని చూసి ఏడ్చారన్న అర్థంలో చెప్పాడు. 395 జనవరిలో థియొడోసియస్ చనిపోతే అంబ్రోసే అంత్యక్రియల ప్రసంగం చేశాడు. ఆ పాపాన్ని తలచుకుని చక్రవర్తి బాధపడని రోజు ఆ తర్వాత లేదని అందులో సాక్ష్యమిచ్చాడు. ఈ చివరి సంగతి గమనించండి. క్షమాపణ 390 చివర్లో దొరికింది. బాధ 395 దాకా ఉంది. క్షమాపణ దొరకలేదన్న అనుమానంతో పడ్డ బాధ కాదది. దొరికిందని తెలిసినవాడు తన పాపాన్ని చిన్నదిగా చూడలేని స్థితి.

థెస్సలొనీకలో చనిపోయినవాళ్లు మాత్రం తిరిగి రాలేదు. వాళ్ల కుటుంబాలకు ఏ న్యాయమూ జరిగినట్టు అంబ్రోసు ఉత్తరం చెప్పదు. ఆ లోటును మనం కప్పిపుచ్చకూడదు. చక్రవర్తి కన్నీళ్లు నిజమైనవైనా మృతుల బాకీ వాటితో తీరదు.

అగస్టీను తన చివరి రోజుల్లో చేసినది కూడా ఈ వరుసలోదే. 430లో హిప్పో నగరాన్ని వాండలులు చుట్టుముట్టి ఉన్నారు. డెబ్బై అయిదేళ్ల బిషప్పు జ్వరంతో మంచం పట్టాడు. పశ్చాత్తాప కీర్తనలు కొన్ని రాయించి, మంచం మీదినుంచి కనిపించేలా గోడకు పెట్టించుకున్నాడు. వాటిని చదువుకుంటూ ఏడ్చేవాడు. చనిపోయే ముందు దాదాపు పది రోజులు వైద్యులు వచ్చే వేళ, భోజనం తెచ్చే వేళ తప్ప ఎవరినీ లోపలికి రానివ్వలేదని ఆయన శిష్యుడు పొస్సీడియస్ రాశాడు. కృప గురించి సంఘానికి అంత బోధించినవాడు కృప మీద నమ్మకం లేక ఏడ్చాడని ఎవరనగలరు?

ఇక మన సంగతి. తెలుగు సంఘాల్లో రోగి మంచం పక్కన నిలబడి, ఏ పాపం చేశావో వెదుక్కో అని చెప్పేవాళ్లున్నారు. బిడ్డ చనిపోయిన తల్లితో కూడా ఇలా అన్నవాళ్లున్నారు. పుట్టు గుడ్డివాడి విషయంలో శిష్యులు ఇదే అడిగితే, అతని పాపమూ కాదు, తల్లిదండ్రుల పాపమూ కాదని యేసు తోసిపుచ్చిన సంగతి యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. మనుషులను దాక్కునేలా చేసే భయాన్ని భక్తి అని పిలవడం మానుకోవాలి. అలా భయపెట్టబడినవాళ్లు క్షమాపణ అడగరు, బతికినంతకాలం శిక్ష కోసం ఎదురుచూస్తారు.

మరో వైపు, ఒప్పుకుంటే క్షమిస్తాడన్న వాగ్దానాన్ని ఏటీఎం కార్డులా వాడుకునే అలవాటు మన మధ్య పెరిగింది. ఆదివారం ఒప్పుకోలు ప్రార్థన మొదలైన క్షణానికీ ముగిసిన క్షణానికీ మధ్య ఎవరూ దేని గురించీ ఆలోచించరు. గురువు గుక్క తిప్పుకోకుండా చదువుతాడు, సంఘం వెంటనే ఆమెన్ అంటుంది. 1937లో జర్మను దైవశాస్త్రవేత్త బోన్‌హోఫర్ దీన్నే చౌక కృప అన్నాడు. పశ్చాత్తాపం అడగకుండా క్షమాపణ పంచడం సంఘానికి ప్రాణాంతకమని అతని బోధ. హిట్లరు పాలనను ఎదిరించినందుకు 1945 ఏప్రిల్ 9న ఫ్లొసెన్‌బర్గ్ చెరలో అతన్ని ఉరితీశారు. కృప ఖరీదు గురించి అతను రాసింది తన ఒంటి మీద చెల్లించిన మాట.

భక్తి అంటే ఒంటి భంగిమ అని కొందరు తేల్చేస్తారు. మన పల్లె గుడుల్లో చెప్పులు బయట విడుస్తాం, చాపల మీద కూర్చుంటాం, ఆడవాళ్లు కొంగు తలమీదికి లాక్కుంటారు. ఇవి నాకు ప్రియమైనవి. దేహం నేర్చుకున్నది మనసుకు సాయం చేస్తుంది. అయితే 325లో నికయా సభ తన ఇరవయ్యో నిబంధనలో ఆదివారాలు మోకాళ్లూనకుండా నిలబడి ప్రార్థించాలని నిర్ణయించింది, అది పునరుత్థాన దినం గనుక. యేసు చెప్పిన ఉపమానంలో సుంకరి ప్రార్థించింది కూడా నిలబడే. గుడిలో దూరంగా నిలబడి, కళ్లెత్తకుండా, రొమ్ము కొట్టుకున్నాడు. పరిసయ్యుడూ నిలబడే ఉన్నాడు. ఒకే భంగిమ, ఒకే ఆలయం. పరిసయ్యుడు పక్కవాడిని చూసుకున్నాడు, సుంకరి చూసుకోలేదు.

సిలువ మీది దొంగ సంగతి చెప్పకుండా ముగించలేను. ఇద్దరు దొంగల్లో ఒకడు యేసును ఎగతాళి చేస్తే రెండోవాడు మొదట అడిగింది, దేవునికి భయపడవా అని. గొల్గొతా దగ్గర దేవుని భయం మాట ఎత్తినవాడు లూకా సువార్తలో అతనొక్కడే. యాజకులు ఎత్తలేదు, అధికారులు ఎత్తలేదు. తరువాత తనకు పడిన శిక్ష న్యాయమేనన్నాడు. ఆ తరువాతే తన్ను జ్ఞాపకం చేసుకోమన్నాడు. ఈ మూడు మాటలూ అదే వరుసలో వచ్చాయి. చేతులు సిలువకు బిగించబడి ఉన్నాయి, మోకరించడానికి వీల్లేదు, బలి అర్పించడానికి ఏమీ లేదు, నష్టం కట్టివ్వడానికి సమయం లేదు. అయినా క్షమాపణ కోరేవాడికి ఉండవలసిన భక్తి అతని దగ్గర పూర్తిగా ఉంది.

మనకు మాత్రం చేతులు ఖాళీగానే ఉన్నాయి, సమయమూ ఉంది. జక్కయ్య ఆస్తిలో సగం బీదలకిచ్చి, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు. బలిపీఠం దగ్గర అర్పణ వదిలేసి ముందు సహోదరునితో సమాధానపడమని ప్రభువు కొండమీద చెప్పాడు. మన పాత సంఘాల్లో తగాదా పడ్డవాళ్లు సర్దుకునేదాకా బల్లకు రావద్దని పెద్దలు చెప్పేవారు. ఆ కట్టుబాటు కొన్నిచోట్ల కక్ష తీర్చుకోవడానికి వాడబడింది, నిజమే. దాని లోపాన్ని తీసేయకుండా దాన్నే తీసేశాం.

ఇక్కడున్న కాపరులకు ఒక మనవి. 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం 1950లో తెచ్చిన ప్రభురాత్రి భోజన క్రమంలో పాపపు ఒప్పుకోలును ఆరాధన మొదట్లోనే, సిద్ధపాటులో పెట్టారు. ఏ సంఘపు క్రమం మీరు వాడినా ఆ చోట రెండు నిమిషాలు నిశ్శబ్దం ఉంచండి. పాట వద్దు, వాద్యం వద్దు, మీ మాట కూడా వద్దు. సంఘ పెద్దలు బల్ల ఆదివారానికి వారం ముందే ఆ సంగతి ప్రకటించండి. ఆ వారంలో ఎవరి ఇంటికి వెళ్లవలసి ఉందో ప్రతివారికీ తెలుసు. అప్పు ఎగ్గొట్టినవారు ఆ డబ్బు తీసుకుని వెళ్లండి. మాట తూలినవారు వెళ్లి మాట వెనక్కి తీసుకోండి. భార్యను కొట్టినవారు ముందు ఆమెను క్షమాపణ అడగండి, ఆమె వెంటనే ఇవ్వకపోతే ఆమెను తొందరపెట్టకండి. అయ్యగారి కోసం మనం ఏదైనా చేయాలనుకుంటే ఈ ఏటి భస్మ బుధవారం నుంచి ఇది మొదలుపెడదాం.